న్యూజిలాండ్‌లో మోటార్‌హోమ్ ప్రయాణం

మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఒకే బండిలో అమర్చుకుని, ఆ బండిని తామే నడుపుకుంటూ ఊరూరా తిరగడాన్ని మోటార్‌హోమ్ ప్రయాణం అంటారు. సొంత దేశంలో ఇలా తిరిగేవారు సాధారణంగా బండి కొనుక్కుంటారు. పరాయి దేశం వెళ్లినవారు అద్దెకు తీసుకుంటారు. విదేశీయులు ఈ పద్ధతిలో విరివిగా తిరిగే దేశాల్లో న్యూజిలాండ్ ముఖ్యమైనది. ఆక్లాండ్‌లోనో క్రైస్ట్‌చర్చ్‌లోనో విమానం దిగి, బండి తాళాలు తీసుకుని, కొన్ని వారాలు తిరిగాక మరో ఊళ్లో అప్పగించి విమానం ఎక్కడం అక్కడ బాగా స్థిరపడిన యాత్రా పద్ధతి.

అద్దె కంపెనీల ప్రచార చిత్రాల్లో మంచు కొండల కింద, నీలి సరస్సు ఒడ్డున ఒంటరిగా నిలబడిన తెల్లని బండి కనిపిస్తుంది. బండి అడుగున ఉండే మురుగు ట్యాంకు మాత్రం ఆ చిత్రాల్లో కనిపించదు. న్యూజిలాండ్ పార్లమెంటు 2011లో ఒకసారి, 2023లో మరోసారి చట్టం చేసింది ప్రధానంగా దాని గురించే. ఎక్కడ పడితే అక్కడ ఆగవచ్చన్న ఆశతో వెళ్లే యాత్రికుడు మొదట తెలుసుకోవలసింది కూడా దాని గురించే.

బండి రకాలు

కారు వెనక తగిలించి లాగే చక్రాల గదిని కారవాన్ అంటారు. ఇంజనూ ఇల్లూ ఒకటిగా ఉంటే మోటార్‌హోమ్. సరుకు రవాణాకు వాడే వ్యాన్‌నే లోపల మార్చి పడక, చిన్న వంటగది అమర్చితే క్యాంపర్‌వ్యాన్. న్యూజిలాండ్ అద్దె వ్యాపారంలో ఈ చివరి రెండు పేర్లనూ కొంచెం ఇష్టం వచ్చినట్టే వాడతారు. కాబట్టి పేరు చూసి కాకుండా లోపల ఏముందో చూసి బండి ఎంచుకోవాలి. ఇద్దరు పడుకునే చిన్న వ్యాన్‌లో నిలువుగా నిలబడడానికి కూడా వీలు లేకపోవచ్చు. నలుగురికో ఆరుగురికో సరిపోయే పెద్ద బండి ఏడు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో డ్రైవరు సీటు పైభాగాన ఒక పడక, వెనక మరొకటి, పగలు భోజనపు బల్లగా ఉండి రాత్రికి మంచంగా మారేది ఇంకొకటి ఉంటాయి. పెళుసుగా ఉండే అరల తలుపులు, గిన్నెలు కదిలిపోకుండా గొళ్లేలు, స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి ఒకే చిన్న గది మామూలు.

ఆరుగురు పడుకోగల బండిలో ఆరుగురూ ప్రయాణించగలరని అనుకోకూడదు. పడకల లెక్క వేరు, సీటు బెల్టుల లెక్క వేరు. బండి నడుస్తుండగా వెనక మంచం మీద పడుకోవడం కుదరదు. ఏడేళ్ల లోపు పిల్లలకు తగిన చైల్డ్ సీటు తప్పనిసరి. చిన్న క్యాంపర్‌వ్యాన్లలో దాన్ని బిగించే ఏర్పాటు అసలు ఉండకపోవచ్చు. పిల్లలతో వెళ్లేవారు బుక్ చేసేముందే అడిగి తెలుసుకోవాలి.

అలవాటు ఎలా మొదలైంది

సరదా కోసం ఇంటిని చక్రాల మీద తిప్పడం పందొమ్మిదో శతాబ్దం చివరి బ్రిటన్‌లో మొదలైందని చెప్పవచ్చు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, రచయితగా మారిన విలియం గోర్డన్ స్టేబుల్స్ 1885లో 'ది వాండరర్' అనే గుర్రపు కారవాన్ చేయించుకుని ఇంగ్లండు నుంచి స్కాట్లండు ఉత్తర భాగం దాకా విహారానికి వెళ్లాడు. అప్పటికే జిప్సీలు తరతరాలుగా బండ్లలో బతుకుతున్నారు. బతుకుతెరువుగా ఉన్నదాన్ని సెలవు సరదాగా మార్చడమే స్టేబుల్స్ చేసిన పని. మోటారు కార్లు వచ్చాక 1910 నాటికి అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ పడుకునే సదుపాయం ఉన్న కారును ప్రదర్శనకు పెట్టింది. 1950ల మొదట్లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వాగన్ వ్యాన్లను క్యాంపర్లుగా మార్చి అమ్మడం ఆరంభించింది. మధ్యతరగతి కుటుంబాలకు ఈ ప్రయాణం అందుబాటులోకి వచ్చింది అక్కడి నుంచే.

న్యూజిలాండ్‌లో మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కార్లు పెరగడంతో ఊరి చివర మునిసిపాలిటీలు నడిపే 'మోటార్ క్యాంపు'లు వెలిశాయి. వేసవిలో కుటుంబం మొత్తం డేరా వేసుకుని సముద్రపు ఒడ్డున వారాల తరబడి ఉండడం అక్కడివారి సెలవుల ఆనవాయితీ. సొంత బండ్లు ఉన్నవారు 1956లో న్యూజిలాండ్ మోటార్ కారవాన్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇవాళ దానికి లక్షకు పైగా సభ్యులు ఉన్నారు. 53 లక్షల దరిదాపు జనాభా ఉన్న దేశంలో ఇది చిన్న సంఖ్య కాదు. దేశమంతటా సొంత పార్కులు నడపడమే కాక, పురపాలక సంఘాలు పార్కింగు నిషేధాలు పెడితే కోర్టుకెక్కే సత్తా కూడా ఆ సంఘానికి ఉంది. 1970లలో హిప్పీ యువతరం పాత లారీల మీద కొయ్య ఇళ్లు కట్టి 'హౌస్‌ట్రక్కు'లలో కాపురం పెట్టింది. ఆ దశకం చివర జరిగిన నంబాసా ఉత్సవాలకు అవి బారులు తీరి వచ్చాయి. విదేశీ యాత్రికుల కోసం అద్దె బండ్లు పెద్ద వ్యాపారంగా మారింది ఆ తరువాతే. కాబట్టి ఈ యాత్రను విదేశీయులు తెచ్చిపెట్టిన ధోరణిగా చూడడం సరికాదు. స్థానికుల పాత అలవాటులోకే వాళ్లు వచ్చి చేరారు. తరువాత వచ్చిన తగాదాలకు మూలం కూడా చాలావరకు ఇక్కడే ఉంది.

నీళ్లు, మురుగు, కరెంటు

మోటార్‌హోమ్‌లో కాపురం మూడు నిల్వల చుట్టూ తిరుగుతుంది. మొదటిది మంచినీళ్ల ట్యాంకు. రెండోది గిన్నెలు కడిగిన, స్నానం చేసిన నీళ్లు చేరే ట్యాంకు. మూడోది మరుగుదొడ్డి కింద ఉండే క్యాసెట్. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో ఎవరూ ఆలోచించరు. ఈ బండిలో రెండో రోజుకే ఆ ధ్యాస పట్టుకుంటుంది. ఇద్దరు మనుషులు పొదుపుగా వాడుకుంటే క్యాసెట్ రెండు మూడు రోజులు వస్తుంది. పెద్ద కుటుంబానికి రోజూ ఖాళీ చేయవలసి రావచ్చు.

క్యాసెట్ అనేది బండి పక్కన ఉన్న చిన్న తలుపు తీసి బయటికి లాగే ఇరవై లీటర్ల లోపు డబ్బా. అందులో వాసనను అణిచి వ్యర్థాన్ని కరిగించే రసాయనం ముందుగా పోస్తారు. నిండినప్పుడు దాన్ని డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఒలకబోసి, కడిగి, మళ్లీ రసాయనం పోసి పెట్టుకోవాలి. దేశంలో చిన్న ఊళ్లలో సైతం ఈ డంప్ స్టేషన్లు ఉంటాయి. పురపాలక సంఘాలు, పెట్రోలు బంకులు, క్యాంపు స్థలాలు వీటిని నడుపుతాయి. చాలాచోట్ల డబ్బు అడగరు. అక్కడే రెండు కుళాయిలు ఉంటాయి: ఒకటి తాగేనీరు నింపుకోవడానికి, మరొకటి క్యాసెట్ కడగడానికి. రెండోదాని గొట్టాన్ని మంచినీళ్ల ట్యాంకులో పెట్టడం కొత్తవారు చేసే ప్రమాదకరమైన పొరపాటు. మన దేశం నుంచి వెళ్లిన యాత్రికులకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచేది ఈ పనే. రెండుసార్లు చేశాక అలవాటవుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఎవరు చేయాలన్న వాదన మాత్రం యాత్ర పూర్తయ్యేదాకా నడుస్తుంది.

వాడిన నీళ్లలో నూనె, మెతుకులు పోనిస్తే ట్యాంకు కంపు కొడుతుంది. ఆ నీళ్లను రోడ్డు పక్కన వదలడం నేరం. షాంపూ, సబ్బు నీళ్లు సరస్సుల్లో కలవకూడదన్నది అక్కడివారి గట్టి పట్టింపు.

కరెంటుకు రెండు దారులు. ఇంజను బ్యాటరీతో సంబంధం లేని 12 వోల్టుల ఇంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. దీపాలు, నీళ్ల పంపు, ఫ్రిజ్ దాని మీద నడుస్తాయి. బండి నడుస్తుంటే, కొన్నింటిలో పైకప్పు మీది సౌర ఫలకాల వల్ల, అది చార్జ్ అవుతుంది. క్యాంపు స్థలంలో కరెంటు ఉన్న చోటు తీసుకుంటే పొడుగాటి తీగతో బండిని బయటి ప్లగ్గుకు కలిపి 230 వోల్టులు వాడుకోవచ్చు. వోల్టేజీ మనదే, ప్లగ్గు మాత్రం వేరు. దాని పిన్నులు ఏటవాలుగా ఉంటాయి. రైస్ కుక్కరు, మిక్సీ వెంట తెచ్చుకునేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. బయటి కరెంటు లేని రాత్రి అవి పనిచేయవు. పొయ్యి, కొన్ని బండ్లలో నీళ్ల హీటరు గ్యాసు సిలిండరు మీద నడుస్తాయి.

రాత్రి మకాం

మకాం వేయడానికి మూడు తరహాల చోట్లు ఉన్నాయి. ప్రైవేటు హాలిడే పార్కుల్లో కరెంటు, వేడినీళ్ల స్నానాలు, బట్టలు ఉతికే యంత్రాలు, అందరూ వండుకునే పెద్ద వంటగది, పిల్లల ఆటస్థలం ఉంటాయి. ఖర్చు ఎక్కువే అయినా, మూడు నాలుగు రాత్రులకు ఒకసారైనా ఇక్కడ దిగడం తెలివైన పని.

రెండోవి పర్యావరణ పరిరక్షణ శాఖ నడిపేవి. దేశ భూభాగంలో దాదాపు మూడో వంతు ఈ శాఖ చేతిలో ఉంది. బండి వెళ్లగల క్యాంపు స్థలాలు దానికి రెండు వందలకు పైగా ఉన్నాయి. కొన్నిచోట్ల స్నానాల గదులు ఉంటాయి, కొన్నిచోట్ల గుంట మరుగుదొడ్డి, వాగు నీళ్లు మాత్రమే. మరీ సాదా స్థలాలకు రుసుము ఉండదు. అవోరాకి శిఖరం (3,724 మీటర్లు) అడుగున ఉన్న వైట్ హార్స్ హిల్, మిల్‌ఫర్డ్ దారిలో ఎగ్లింటన్ లోయలోని క్యాస్కేడ్ క్రీక్ ఈ శాఖవే. ఖరీదైన హోటలు గదులకు దొరకని కొండల దృశ్యం ఇక్కడ దొరుకుతుందంటే అతిశయోక్తి కాదు. పశ్చిమ తీరంలోనూ ఫియోర్డ్‌లాండ్‌లోనూ దానికి చెల్లించే మూల్యం ఒకటుంది. దేశపు మూలవాసులైన మావోరీలు 'తె నము' అనే సాండ్‌ఫ్లై ఈగ అక్కడ గుంపులుగా కుడుతుంది. బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ 1773లో అక్కడి డస్కీ సౌండ్‌లో లంగరు వేసినప్పుడే దాని బాధ గురించి రాసుకున్నాడు. కుట్టేది ఆడ ఈగ ఒక్కటే. ఆ సమాచారం వల్ల దురద తగ్గదు.

మూడోది 'ఫ్రీడమ్ క్యాంపింగ్'. క్యాంపు స్థలంగా కట్టని ప్రభుత్వ నేల మీద, పార్కింగు చోట్లలో, బీచి పక్కన రుసుము లేకుండా రాత్రి గడపడం. యాత్రికుల కలలన్నీ దీని చుట్టూ, స్థానికుల కోపమంతా దీని మీద.

చట్టం

2011 సెప్టెంబరులో న్యూజిలాండ్ రగ్బీ ప్రపంచ కప్ నిర్వహించింది. వేల బండ్లు వస్తాయన్న భయంతో పోటీలకు కొద్ది రోజుల ముందు, ఆగస్టు చివర, ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని మూల సూత్రం ఉదారమైనది: పురపాలక సంఘాల నేల మీద, ప్రత్యేకంగా నిషేధం లేకపోతే, రాత్రి ఉండవచ్చు. ఏ చోటును ఎందుకు నిషేధిస్తున్నారో చెప్పుకోవలసిన బాధ్యత సంఘానిదే. ఆ చోటును కాపాడడానికో, ప్రజల ఆరోగ్యానికో, దారి అడ్డం లేకుండా ఉండడానికో తప్ప నిషేధం పెట్టకూడదు. తన పరిధి మొత్తాన్ని ఒక్క ఉపచట్టంతో మూసేయడం కూడా సంఘానికి కుదరదు.

తరువాతి ఏళ్లలో యాత్రికుల రాక ఎవరూ ఊహించనంతగా పెరిగింది. 2019లో దాదాపు 39 లక్షల మంది విదేశీయులు వచ్చారు. అందులో తక్కువ డబ్బుతో తిరిగే యువతరం పాత వ్యాన్ కొని, వెనక పరుపు వేసుకుని, సీటు కింద చిన్న ప్లాస్టిక్ మరుగుదొడ్డి పెట్టుకుని 'స్వయంసమృద్ధం' అని రాసి ఉన్న నీలం స్టిక్కరు సంపాదించేది. ఆ డబ్బా కొందరు ఒక్కసారైనా బయటికి తీసేవారు కాదు. పొదల చాటున కాగితాలు కనిపించేవి. టెకపో సరస్సు పక్కన 1935లో కట్టిన చిన్న రాతి చర్చి వంటి ప్రసిద్ధ స్థలాల చుట్టూ జనం పోగవడం, వాళ్ల వ్యర్థాలు పేరుకోవడం పత్రికలకెక్కింది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో సరిహద్దులు మూసినప్పుడు బండ్లు ఆగిపోయాయి, చర్చ ఆగలేదు. ఆ ఏడాది చివర పర్యాటక మంత్రి స్టువర్ట్ నాష్ మరుగుదొడ్డి లేని వ్యాన్లను నేరుగా తప్పుపట్టాడు.

ఫలితంగా 2011 చట్టాన్ని సవరించే కొత్త చట్టం 2023 జూన్ 7న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పురపాలక నేల మీద బండిలో రాత్రి ఉండాలంటే, సంఘం వేరుగా చోటు కేటాయిస్తే తప్ప, ఆ బండి స్వయంసమృద్ధమని ధ్రువపత్రం కలిగి ఉండాలి. ధ్రువపత్రానికి బండిలో బిగించి ఉన్న మరుగుదొడ్డి కావాలి. మంచం పరిచి ఉన్నప్పుడు కూడా దాన్ని వాడుకోగలగాలి. ఈ చిన్న షరతే వేల చిన్న వ్యాన్లను పక్కకు నెట్టింది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా మంచినీళ్లు, వాటికి తగ్గ మురుగు నిల్వ, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. పాత నీలం స్టిక్కర్ల స్థానంలో ఆకుపచ్చవి వచ్చాయి. అద్దె బండ్లకు గడువు ముందుగా, 2024 డిసెంబరులో ముగిసింది. సొంత బండ్లకు తొలుత 2025 అనుకున్న గడువును 2026 జూన్‌కు జరిపారు.

ధ్రువపత్రాల వ్యవస్థను ప్రభుత్వం అప్పజెప్పింది పర్యాటక శాఖకు కాదు, రవాణా శాఖకూ కాదు. ప్లంబర్లు, గ్యాసు ఫిట్టర్లు, మురుగు కాల్వల పనివారికి లైసెన్సులిచ్చే బోర్డుకు. ఈ చట్టం అసలు దేని గురించో ఆ ఒక్క నిర్ణయం చెప్పేస్తుంది.

విదేశీ యాత్రికుడికి దీని ఆచరణ రూపం ఇది: అద్దె తీసుకునేటప్పుడు ఆకుపచ్చ ధ్రువపత్రం ఉందా, ఎంతమందికని అందులో రాసి ఉంది అని చూసుకోవాలి. ఇద్దరికి ధ్రువీకరించిన బండిలో నలుగురు పడుకుంటే చెల్లదు. ఆకుపచ్చ పత్రం ఉన్నంత మాత్రాన ప్రతి చోటా ఆగే హక్కు రాదు. పక్క ఊరి ఉపచట్టం వేరుగా ఉండవచ్చు. స్థలం దగ్గరి బోర్డు చదవడం, ఫోన్‌లో క్యాంపింగ్ యాప్ చూడడం రెండూ చేయాలి. జరిమానా పడితే అద్దె కంపెనీ దాన్ని యాత్రికుడి కార్డు నుంచే వసూలు చేస్తుంది.

రోడ్డు

న్యూజిలాండ్‌లో ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపు ఉంటుంది. యూరప్, అమెరికా యాత్రికులకు ఇదే పెద్ద బెడద. భారతీయులకు ఆ కష్టం లేదు. ఇంగ్లీషులో ముద్రించిన, చెల్లుబాటులో ఉన్న భారతీయ లైసెన్సుతో బండి నడపవచ్చు. ఇంగ్లీషులో లేకపోతే గుర్తింపు పొందిన అనువాదమో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటో వెంట ఉండాలి. మామూలు కారు లైసెన్సు మీద మొత్తం బరువు 6,000 కిలోల దాకా ఉన్న బండ్లు నడపవచ్చు. అద్దె మోటార్‌హోమ్‌లు ఆ లోపే ఉంటాయి.

అయితే ఎడమవైపు అలవాటు ఉందన్న ధీమా కొంత మోసం చేస్తుంది. మన నగరాల ట్రాఫిక్‌లో ఆరితేరిన డ్రైవరుకు ఖాళీ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల పరిమితి, దానికి తోడు వరస మలుపులు కొత్త. మ్యాపులో 200 కిలోమీటర్లంటే రెండున్నర గంటలనుకుంటే, మోటార్‌హోమ్‌లో నాలుగు పట్టవచ్చు. బండి ఎత్తు వల్ల పక్కగాలికి ఊగుతుంది, కొండ ఎక్కేటప్పుడు నెమ్మదిస్తుంది. వెనక నాలుగు కార్లు చేరగానే ఆగే చోటు చూసుకుని దారి ఇవ్వడం అక్కడి మర్యాద. ఇవ్వకపోతే వెనకవాళ్లు *555కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పడం కూడా అక్కడి అలవాటే. 2015 ప్రాంతంలో స్థానికులు కొందరు విదేశీ డ్రైవర్ల చేతుల్లోంచి తాళాలు లాక్కున్న సంఘటనలు పెద్ద చర్చ రేపాయి. రౌండు కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వడమన్న నియమాన్ని అక్కడ నిజంగానే పాటిస్తారు. దానికి మనవాళ్లు మొదటి రోజు కొంచెం సిద్ధపడాలి.

ముఖ్యంగా దక్షిణ ద్వీపంలో ఒకే బండి పట్టే వంతెనలు తరచుగా తగులుతాయి. నీలం పలక మీద పెద్ద తెల్ల బాణం మన వైపు ఉంటే దారి మనది. ఎర్ర అంచు గుండ్రని పలక ఉంటే ఆగి ఎదుటివారిని రానివ్వాలి. పశ్చిమ తీరంలో తారమకౌ నది మీద 2018 దాకా ఉన్న పాత వంతెనను కార్లూ రైళ్లూ ఒకే బాటలో పంచుకునేవి. బండి ఎక్కించే ముందు రైలు రావడం లేదని చూసుకోవలసి వచ్చేది.

కొండదారులన్నిటిలో ఎక్కువ జాగ్రత్త కోరేది తె అనావు నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కు పోయే సుమారు 120 కిలోమీటర్ల దారి. చివరి భాగంలో 1.2 కిలోమీటర్ల హోమర్ సొరంగం ఉంది. 1935లో నిరుద్యోగ సహాయ పనిగా తవ్వడం మొదలుపెట్టారు, 1954లో వాహనాలను వదిలారు. అది లోపల కిందికి వాలుగా దిగుతుంది. శీతాకాలంలో మంచుచరియల ప్రమాదం వల్ల రోడ్డును అప్పుడప్పుడు మూసేస్తారు. మే నుంచి నవంబరు దాకా టైర్లకు కట్టే గొలుసులు వెంట ఉండాలి. ఫోన్ సిగ్నల్ దారి పొడవునా దాదాపు ఉండదు. సొరంగం ముఖద్వారం దగ్గర ఆగితే కియా అనే కొండ చిలుకలు వాలి, కిటికీల రబ్బరు, తుడుపు బ్లేడ్లు పీకుతాయి. అద్దె ఒప్పందంలో వాటికి మినహాయింపు ఉండదు.

క్వీన్స్‌టౌన్, వనాకా మధ్య క్రౌన్ రేంజ్ రోడ్డు 1,076 మీటర్ల దాకా ఎక్కుతుంది. తారు వేసిన ప్రధాన రహదారుల్లో దేశంలో ఇదే ఎత్తయినది. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్ వంటివాటి మీదికి అద్దె బండి తీసుకెళ్లడాన్ని దాదాపు అన్ని కంపెనీలూ నిషేధించాయి. ప్రకృతి కూడా దారులను మారుస్తుంది. 2016 నవంబరు 14 కైకోరా భూకంపంలో తూర్పు తీరపు ప్రధాన రహదారి కొండచరియల కింద పడిపోయి, ఏడాదికి పైగా మూతపడి, 2017 డిసెంబరులో తెరుచుకుంది.

జలసంధి దాటడం

ఉత్తర, దక్షిణ ద్వీపాల మధ్య వంతెన లేదు. వెల్లింగ్టన్, పిక్టన్ రేవుల మధ్య ఓడలో బండితో సహా వెళ్లాలి. సుమారు 92 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. బండ్లు నేరుగా నడిపి ఎక్కించే ఓడ 1962 నుంచి నడుస్తోంది. చార్జీ బండి పొడవును బట్టి ఉంటుంది. సైకిల్ స్టాండు వెనక పొడుచుకొచ్చినా లెక్కలోకి వస్తుంది. ఎక్కే ముందు గ్యాసు సిలిండరు కట్టేయాలి. ప్రయాణంలో బండిలో కూర్చోనివ్వరు. కుక్ జలసంధిలో గాలి బలంగా వీస్తే ఓడలు రద్దవుతాయి. డిసెంబరు, జనవరిలో రద్దయితే మరో టికెట్టు దొరకడానికి రోజులు పట్టవచ్చు. విమానం తేదీకి ముందు రెండు రోజులైనా ఖాళీ ఉంచుకోవడం మంచిది. ఒక ద్వీపంలో బండి అప్పగించి, విమానంలో జలసంధి దాటి, అవతల మరో బండి తీసుకునేవారూ ఉన్నారు.

అద్దె, బీమా, ఖర్చులు

మావి, బ్రిట్జ్, మైటీ పేర్లు మూడూ టూరిజం హోల్డింగ్స్ అనే ఒకే సంస్థవి. 2022 నవంబరులో ఆస్ట్రేలియాకు చెందిన అపోలో కూడా దానిలో కలిసింది. తక్కువ ధర వ్యాన్లకు జూసీ పేరుపడింది. ఈ రెండింటి బయట చిన్న కుటుంబ సంస్థలు చాలా ఉన్నాయి.

రోజు అద్దె ఒక్కటే చూసి లెక్క వేస్తే తప్పుతుంది. డీజిల్ బండ్ల మీద ప్రభుత్వం పెట్రోలు బంకులో పన్ను వేయదు, నడిచిన దూరాన్ని బట్టి రోడ్డు వినియోగ రుసుము వసూలు చేస్తుంది. తేలికపాటి డీజిల్ వాహనానికి అది వెయ్యి కిలోమీటర్లకు 76 న్యూజిలాండ్ డాలర్లు. బండి అప్పగించే రోజు ఈ లెక్క బిల్లులో చేరుతుంది. ప్రమాదం జరిగితే యాత్రికుడు భరించవలసిన మొత్తం వేల డాలర్లలో ఉంటుంది. అదనపు రుసుము కట్టి దాన్ని తగ్గించుకోవచ్చు. చాలా ఒప్పందాల్లో పైకప్పు, అడుగుభాగం దెబ్బతినడం, బండి తనంతట బోల్తా పడడం బీమా కిందికి రావు. కాంటర్‌బరీ మైదానాల్లో వాయవ్య గాలి బలంగా వీస్తున్నప్పుడు డ్రైవరు తలుపు ఒక్కసారి తెరిస్తే మడతబందులు విరుగుతాయి. ఆ దెబ్బ కూడా మినహాయింపుల జాబితాలో ఉండవచ్చు.

దేహానికి గాయమైతే చికిత్స ఖర్చులో ఎక్కువ భాగం విదేశీయులకైనా 1974 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ప్రమాద పరిహార వ్యవస్థ భరిస్తుంది. జబ్బు చేస్తే భరించదు. ప్రయాణ బీమా అవసరం అక్కడ. ఖర్చు తగ్గించే ఒక మార్గం ఉంది. యాత్రికుల్లో ఎక్కువమంది ఆక్లాండ్ నుంచి దక్షిణానికి వెళ్లి క్రైస్ట్‌చర్చ్‌లో బండి వదిలేస్తారు. ఆ బండ్లను తిరిగి ఉత్తరానికి చేర్చడానికి కంపెనీలు రోజుకు ఒక డాలరు అద్దెకు కూడా ఇస్తాయి. గడువు మాత్రం కొద్ది రోజులే. చూడవలసినవి చూడడానికి ఆ తీరిక చాలదు.

వంట, సరిహద్దు తనిఖీ

వ్యవసాయమే ప్రాణమైన దేశం కాబట్టి పురుగు, విత్తనం, మట్టి విషయంలో విమానాశ్రయ తనిఖీ కఠినం. ప్రయాణ పత్రంలో ఆహారం ఉందని చెప్పకుండా తెచ్చినట్టు తేలితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఆవకాయ, కారప్పొడి, పప్పులు తీసుకెళ్లేవారు ఉన్నవి ఉన్నట్టు ప్రకటించాలి. అనుమతించాలా, పారేయాలా అన్నది అధికారి చూసి చెబుతాడు. ప్రకటించినందుకు జరిమానా ఉండదు. తేనె అసలు తేకూడదు. మట్టి అంటిన బూట్లు, డేరాలు కడిగి తేవాలి. 2004లో దక్షిణాన వైయావు నదిలో డిడిమో అనే నాచు బయటపడినప్పటి నుంచి ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు వెళ్లే ముందు పడవలు, చేపల వలలు, తడి బట్టలు కడిగి ఆరబెట్టడం నియమం.

ఆక్లాండ్‌లోని భారతీయ దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, మసాలాలు దొరుకుతాయి. ప్రయాణం మొదలుపెట్టేటప్పుడే కొనుక్కోవడం మేలు, దక్షిణ ద్వీపంలోని చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. తాళింపు విషయంలో జాగ్రత్త. ఇరుకు బండిలో ఎండుమిరపకాయ వేగితే పొగ హెచ్చరిక మోగుతుంది, పరుపులకు వాసన పట్టి అప్పగించేటప్పుడు శుభ్రపరిచే చార్జీ పడుతుంది. పెద్ద వంట హాలిడే పార్కు వంటగదిలో చేసి, డబ్బాల్లో పెట్టుకుని రెండు రోజులు తినడం ఉత్తమం.

కాలం

దక్షిణార్ధగోళం కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. సంక్రాంతి సెలవులకు వెళ్తే స్థానిక పాఠశాలల సెలవులూ అప్పుడే. హాలిడే పార్కులు నెలల ముందే నిండుతాయి, అద్దె రెట్టింపు దాటుతుంది. మన వేసవి సెలవుల్లో, మే నెలలో, అక్కడ చలికాలం మొదలవుతుంది. అద్దె బాగా తగ్గుతుంది. రాత్రి హీటరు నడుస్తూనే ఉండాలి, కొండదారులు మూసి ఉండవచ్చు. జనం తగ్గి, రోడ్లు తెరిచి ఉండే మార్చి, ఏప్రిల్ నెలలు అన్నివిధాలా మేలు. సెంట్రల్ ఒటాగో చెట్లు ఎర్రబారేది అప్పుడే.

ఇతర దేశాల్లో

ప్రతి దేశం రాత్రి మకాం గురించి తన పద్ధతిలో తీర్పు చెప్పుకుంది. ఐస్‌లాండ్ 2015 తరువాత క్యాంపు స్థలాల బయట బండిలో పడుకోవడాన్ని దాదాపు నిషేధించింది. జర్మనీలో ఊరూరా 'ష్టెల్‌ప్లాట్స్' పేరుతో మోటార్‌హోమ్‌లకు చవక పార్కింగులు ఉన్నాయి. అక్కడి పురపాలికలు ఈ యాత్రికులను వ్యాపారంగా చూస్తాయి. నార్వేలో అడవిలో ఎక్కడైనా తిరిగే హక్కు ప్రజలకు ఉన్నా, అది కాలినడకకు, డేరాకు తప్ప మోటారు బండికి వర్తించదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థ నేలల మీద సాధారణంగా 14 రోజుల దాకా ఉచితంగా ఉండనిస్తారు. జపాన్ రహదారుల పక్కన ఉండే విశ్రాంతి కేంద్రాల్లో బండిలోనే కునుకు తీసే యాత్రికులు చాలామంది. భారత్‌లో కేంద్ర పర్యాటక శాఖ కారవాన్ విధానం ప్రకటించింది, కొన్ని రాష్ట్రాల పర్యాటక సంస్థలు బండ్లు నడుపుతున్నాయి. అవి సాధారణంగా డ్రైవరుతో సహా వస్తాయి. డంప్ స్టేషన్లు లేకుండా ఆ ప్రయాణం విస్తరించడం కష్టం.

కొనసాగుతున్న వివాదాలు

క్వీన్స్‌టౌన్ లేక్స్ జిల్లా పురపాలక సంఘం 2021లో ఫ్రీడమ్ క్యాంపింగును చాలాచోట్ల నిషేధిస్తూ ఉపచట్టం తెచ్చింది. మోటార్ కారవాన్ అసోసియేషన్ దానిమీద కోర్టుకెక్కింది. 2024లో హైకోర్టు ఆ ఉపచట్టం చెల్లదని చెప్పింది. ఊరికి వచ్చే బండ్ల సంఖ్య నచ్చకపోవడం వేరు, 2011 చట్టం ఒప్పుకునే కారణాలు చూపించడం వేరన్నది ఆ వాదన సారాంశం.

ఇంకో సమస్య అంత సులువుగా తేలదు. ఇంటి అద్దెలు భరించలేక కొందరు న్యూజిలాండ్ వాసులే వ్యాన్లలో బతుకుతున్నారు. 2023 సవరణ వీరిని గుర్తించింది. ఉండడానికి తగిన ఇల్లు దొరకక బండిలో ఉంటున్న దేశవాసిని ఫ్రీడమ్ క్యాంపరుగా లెక్కించకూడదని, జరిమానా వేయకూడదని చెప్పింది. పర్యాటక వీసా మీద వచ్చినవారికి ఈ మినహాయింపు లేదు. ఉదయాన్నే బీచి పార్కింగులో పాత వ్యాన్ కిటికీ తట్టే పురపాలక ఉద్యోగి, తలుపు తీసినవాడు ఈ రెండు జాబితాల్లో దేనిలోకి వస్తాడో ముందు అడిగి తెలుసుకోవాలి.